సూపర్‌గర్ల్ కోపం, పాఠకుల తీర్పు



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏటా జరుగుతున్నదో ఆయన గ్రంథాలయంలో పిల్లల బీరువాకు ఏనాడూ తాళం వెయ్యనివ్వలేదు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి పిల్లనూ, పిల్లవాణ్నీ ఆపి, ఎలా ఉందో చెప్పించుకుని గాని పంపేవారు కాదు. పుస్తకం గురించి పెద్దల అభిప్రాయాలు అచ్చులో దొరుకుతాయి, చదివిన పిల్లల మాట మనం అడిగితేనే దొరుకుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి తగిన విషయమనే ఒక బొమ్మల కథను, దాని మీద చెలరేగిన పాఠకుల వాదాన్ని ఎంచుకున్నాను.

ఆ కథ పేరు ‘సూపర్‌గర్ల్: వుమన్ ఆఫ్ టుమారో’. అమెరికాలో డీసీ సంస్థ 2021 జూన్ నుంచి 2022 ఫిబ్రవరి దాకా ఎనిమిది సంచికలుగా వేసింది. రాసినవాడు టామ్ కింగ్. బొమ్మలు బిల్కిస్ ఎవెలీవి, రంగులు మాట్ లోపెస్‌వి; ఈ ఇద్దరూ బ్రెజిల్ వాళ్లు.

కథ సారాకొట్టులో మొదలవుతుంది. సూపర్‌గర్ల్ అసలు పేరు కారా. ఆమెకు ఇరవై ఒక్కేళ్లు నిండాయి. పసుపు సూర్యుడి వెలుగులో ఆమెకు మత్తు ఎక్కదు కాబట్టి, తన శక్తులు పనిచెయ్యని ఎర్ర సూర్యుడిని వెతుక్కుంటూ పోయి ఒక మారుమూల గ్రహం మీద తాగుతోంది. తోడు కుక్క క్రిప్టో ఒక్కటే. అక్కడికి రూథీ అనే రైతుబిడ్డ వస్తుంది. తండ్రిని క్రెమ్ అనేవాడు చంపాడు. వాణ్ని చంపడానికి కిరాయికి మనిషి కావాలి. కారా ఒప్పుకోదు. ఇంతలో క్రెమ్ కుక్కను విషబాణంతో కొట్టి కారా నౌక ఎక్కి పారిపోతాడు. అక్కడినుంచి ఈ ఇద్దరు ఆడపిల్లలూ వాడి వెంటపడి ఊరూరా తిరుగుతారు.

ఆ ఊళ్లలో ఒకటి నన్ను చాలాకాలం వదల్లేదు. నీలిరంగు మనుషుల ఊరు. చూడ్డానికి పచ్చగా, మర్యాదగా ఉంటుంది. వచ్చినవాళ్లను చిరునవ్వుతో పలకరిస్తారు. అడిగినకొద్దీ మాట దాటేస్తారు. చివరికి తేలేదేమిటంటే, తమ మధ్యే బతికిన ఊదారంగు మనుషులను దోపిడీ ముఠాకు అప్పగించి వీళ్లు ప్రాణాలు దక్కించుకున్నారు. ఎవెలీ ఆ వీధులను ఎంత ముచ్చటగా గీసిందో, నిజం తెలిశాక అవే వీధులు అంత భయపెడతాయి. రాక్షసులను కొట్టి గెలిచే సూపర్‌హీరోకు ఇక్కడ కొట్టడానికి ఎవరూ లేరు. కోపంతో కారా పిడికిలి బిగుసుకున్నా, ఆ పిడికిలికి పనిలేదు. పెద్దరికం ఒంటి మీదికి వచ్చే ఘడియ ఇలాగే ఉంటుందని నా అభిప్రాయం.

ఇక పాఠకులు. ఈ పుస్తకాన్ని కళ్లకద్దుకున్నవాళ్లు చాలామంది. కారా మీద ఇంతకు మించిన కథ రాలేదన్నారు. అంతే గట్టిగా నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మా సూపర్‌గర్ల్ తాగుతుందా, బూతులాడుతుందా, ఇంత కటువుగా మాట్లాడుతుందా అన్నది వాళ్ల బాధ. వీళ్లలో కొందరు 2015 నుంచి 2021 దాకా ఆరు సీజన్లు నడిచిన టీవీ ధారావాహికలో మెలిస్సా బెనోయిస్ట్ నవ్వుముఖాన్ని చూసి పెరిగినవాళ్లు. పరీక్షలో తప్పిన రోజునో, ఇంట్లో గొడవైన రాత్రో ఆ ముఖం వాళ్లకు ధైర్యం చెప్పింది. అలాంటి ముఖం మీద అలసట కనబడితే మనసు చివుక్కుమంటుంది. దాన్ని చాదస్తమని కొట్టిపారెయ్యడం నాకు ఇష్టం లేదు.

వాళ్ల అనుమానానికి చరిత్ర కూడా సాక్ష్యం చెబుతుంది. ఆటో బైండర్ రాసి అల్ ప్లాస్టినో గీసిన కారా 1959 మే నెల ‘యాక్షన్ కామిక్స్’ 252వ సంచికలో తొలిసారి భూమి మీద దిగింది. దిగిన పిల్లను అన్న సూపర్‌మ్యాన్ ఏం చేశాడు? తలకు గోధుమరంగు విగ్గు, రెండు జడలు పెట్టి మిడ్‌వేల్ అనాథాశ్రమంలో చేర్పించాడు. శక్తులున్న సంగతి ఎవరికీ తెలియకూడదన్నాడు. లోకానికి ఆమెను పరిచయం చేసింది 1962లో. అప్పటిదాకా ఆమె సాహసాలన్నీ చాటుమాటునే. ఊరూ కన్నవాళ్లూ బూడిదైపోయిన పిల్ల ఒక్కసారైనా గొంతెత్తి ఏడ్చినట్టు ఆ కథల్లో గుర్తుండేలా ఎక్కడా కనబడదు. మంచిపిల్లలా ఉండడమే ఆమె ఉద్యోగం.

అయినా పాఠకులు ఆమెను తమ సొంతం చేసుకున్నారు. 1970లో ఆమె వేషం మార్చినప్పుడు పాఠకులు గీసి పంపిన దుస్తులు కూడా కథల్లోకి ఎక్కాయి. ఇలా చేరదీసుకున్న పాత్రను 1985లో సంస్థే చంపేసింది. ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ఏడవ సంచిక ముఖచిత్రంలో జార్జ్ పెరెజ్ గీసిన బొమ్మ చూసినవాళ్లెవరూ మరచిపోరు. వాలిపోయిన చెల్లెలిని రెండు చేతులా ఎత్తుకుని సూపర్‌మ్యాన్ ఏడుస్తుంటాడు, వెనక వీరులందరూ నిలబడి ఉంటారు. సొంత గ్రహమైన క్రిప్టాన్ నుంచి మిగిలినవాడు అతనొక్కడే కావాలన్నది సంస్థ లెక్క. ఆ లెక్క కోసం, చనిపోయిన పిల్ల అసలు పుట్టనే లేదని కూడా తేల్చేశారు.

దానికి జవాబు 1989లో ఒక క్రిస్మస్ సంచికలో వచ్చింది. అలన్ బ్రెనర్ట్ రాశాడు, డిక్ జోర్డానో గీశాడు. డెడ్‌మ్యాన్ అనే దెయ్యం తాను చేసే మేలు ఎవరికీ తెలియడం లేదని కుమిలిపోతుంటే, ఒక బంగారు జుట్టు పిల్ల వచ్చి ఓదారుస్తుంది. పేరడిగితే కారా అంటుంది. అతనికి ఆ పేరు తెలియదు, తెలిసే వీలు కూడా సంస్థ ఉంచలేదు. చదివేవాళ్లకు మాత్రం తెలుసు. కొన్ని పుటల ఆ కథను అభిమానులు ముప్పయ్యేళ్లు దాటినా గుండెకు హత్తుకునే ఉన్నారు. ఒక పాత్రను కాగితం మీద తుడిచేసినా పాఠకుల జ్ఞాపకంలో తుడవలేరని చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు నాకు కనబడలేదు.

కారా 2004లో తిరిగొచ్చింది, 2005లో సొంత పత్రిక దక్కింది. అసలు పేచీ అక్కడే మొదలైంది. పదహారేళ్ల పిల్లను చీకటి కథలో పడేశారు. లోపల ఒక దుష్ట కారా ఉందన్నారు. కన్నతండ్రే సూపర్‌మ్యాన్‌ను చంపి రమ్మని పంపాడన్నారు. బొమ్మల్లో నడుమంతా బయటపెట్టి, ఎముకల గూడులా సన్నగా గీశారు. పాఠకులు భగ్గుమన్నారు, ముఖ్యంగా ఆడపాఠకులు. వాళ్ల అభ్యంతరం ఎంత న్యాయమో తర్వాత జరిగిన దిద్దుబాట్లే చెబుతాయి. ఆ తండ్రి ఆజ్ఞ అంతా క్రిప్టోనైట్ విషం వల్ల కలిగిన భ్రమ అని కథను సరిచేశారు. స్టెర్లింగ్ గేట్స్ రచనకు బొమ్మలు వేసిన జమాల్ ఐగల్ ఆమె స్కర్టు కింద పొట్టి నిక్కరు గీసి, ఆమెకు ఒక క్రీడాకారిణి దేహాన్ని ఇచ్చాడు. చిన్న మార్పే. కానీ ఎగిరే ఆడపిల్లను కింది నుంచి ఎవరు చూస్తున్నారన్న ప్రశ్నకు ఒక చిత్రకారుడు మర్యాదగా ఇచ్చిన జవాబు అది.

ఈ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 2005లోనూ చీకటి కథే, 2021లోనూ చీకటి కథే. మొదటిదాన్ని ఎక్కువమంది తిప్పికొట్టారు, రెండవదాన్ని ఎక్కువమంది అక్కున చేర్చుకున్నారు. పాఠకుల మనసు నిలకడ లేనిదని దీనికి అర్థం చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మొదటి కథలోని చీకటి ఆమె మీద బయటినుంచి పులిమింది, చూసేవాళ్ల కుతూహలం కోసం. రెండవ కథలోని చీకటి ఆమె పుట్టుకలోనే ఉంది, అరవై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోనిది. పాఠకులు చూసింది ఆ తేడానే. ఆ బాధ ఎవరిదని వాళ్లు అడుగుతున్నారు.

కారాకూ సూపర్‌మ్యాన్‌కూ మధ్య ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. అతను పొత్తిళ్లలో వచ్చాడు. కాన్సస్ పొలాలే అతనికి ఊరు, కెంట్ దంపతులే అమ్మానాన్న. కారా ఊహ తెలిశాక వచ్చింది. క్రిప్టాన్ పేలిపోయినా ఆర్గో అనే నగరం ఒక ముక్కగా మిగిలింది. కాళ్ల కింది నేలే విషమైంది. తనవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే చూస్తూ ఆమె పెరిగింది. ఆరవ సంచికలో ఇదంతా తొందరలేకుండా చెబుతారు. పేలుడు ఒక క్షణం, ఆ తర్వాతి చావులు ఏళ్లు. తన భాష, తన పండుగలు, తన వీధి అన్నీ గుర్తున్న పిల్లకు కొత్త లోకం ఎంత మంచిదైనా సగమే ఇల్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పన్నెండు, పదమూడేళ్ల వయసులో దిగిన మన తెలుగు పిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కడే పుట్టిన తమ్ముడు ఇట్టే కలిసిపోతాడు, అక్క మాత్రం అమ్మమ్మ ఇంటి అరుగును మరచిపోలేదు. ఆమె విసుగును పొగరు అనుకునే తల్లిదండ్రులు ఈ ఆరవ సంచిక చదవాలి.

మెచ్చుకున్నంత మాత్రాన ఈ పుస్తకంలో లోటు లేదని అనను. ఒక వర్గం పాఠకులు లేవనెత్తిన ఆక్షేపణ బలమైనది. కథంతా రూథీ నోటి మీదుగా నడుస్తుంది. ఆ పాతకాలపు, బరువైన మాటతీరు చెవికి ఇంపుగానే ఉంటుంది కానీ, కారా మనసు మనకు ఎప్పుడూ మరొకరి కళ్లలోంచే అందుతుంది. అరవై ఏళ్లు నోరు మూయించిన పిల్లకు ఇప్పుడైనా తన గొంతుతో మాట్లాడే అవకాశం ఇవ్వవద్దా అని వాళ్లు అడిగారు. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. ఆకుపచ్చ సూర్యుడి కింద కారా కదలలేక పడి ఉంటే రూథీ కాపలా కాసే సంచిక చదివినప్పుడు మాత్రం, ఈ ఏర్పాటు వృథా కాలేదనిపించింది. శక్తి పోయినా తగ్గని ధైర్యాన్ని పక్కన కూర్చుని చూసినవాళ్లే చెప్పగలరు. అయినా ఆక్షేపణ ఆక్షేపణే, దాన్ని పక్కకు నెట్టెయ్యలేం.

ఈ పుస్తకం ఆధారంగా క్రెయిగ్ గిలెస్పీ దర్శకత్వంలో మిల్లీ అల్కాక్ నాయికగా సినిమా తీశారు. అంతకుముందే, 2025 జూలైలో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ చివర్లో ఆమె తూలుతూ వచ్చి కుక్కను తీసుకుపోయింది. కొన్ని క్షణాల ఆ దృశ్యంతో పాత వాదమంతా మళ్లీ మొదలైంది. ఆ వాదం సాగనివ్వండి. అది పాత్ర బతికి ఉందనడానికి గుర్తు.

మన సంగతి చెప్పి ముగిస్తాను. తెలుగులో చిన్నపిల్లలకు కథలున్నాయి, పెద్దలకు నవలలున్నాయి. పదమూడు నుంచి ఇరవై దాకా ఉన్న ఆడపిల్ల చేతిలో పెట్టడానికి, ఆమె కోపాన్ని మందలించకుండా వినే పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా నాకు తోచడం లేదు. ఈ సభలో రచయితలున్నారు, చిత్రకారులున్నారు, ప్రచురణకర్తలున్నారు. మీరు ఆ వయసు పిల్లల కోసం రాయండి, గీయండి, అచ్చువెయ్యండి. రాసినదాన్ని ముందు వాళ్లకే చదవనిచ్చి, వాళ్లు బాగాలేదన్నచోట మార్చండి. గ్రంథాలయ నిర్వాహకులకు నా మనవి ఒకటే: కొనుగోలు జాబితా తయారుచేసే రోజున ఇద్దరు ముగ్గురు విద్యార్థినులను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి.