బోరు నీటిలో కంటికి కనిపించనివి

నల్గొండ, ప్రకాశం, అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల పల్లెలకు దశాబ్దాల పాటు తాగునీటికి బోరే దిక్కు. నీళ్లు తేటగా ఉండి, నోటికి ఉప్పగా తగలకపోతే చాలు, మంచినీళ్లేనని పల్లె లెక్క. ఉప్పు విషయంలో ఆ లెక్క పనికొస్తుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, రోగకారక క్రిములు మాత్రం నాలుకకు దొరకవు.

వీటిలో మొదటిది ఫ్లోరైడ్. ఈ నేల అడుగున పరుచుకున్నది గ్రానైటు, నైస్ శిలలు. వాటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. బైకార్బనేట్లు హెచ్చుగా, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో అది మరింత సులువుగా నిలుస్తుంది. సబ్బుకు చక్కగా నురగ వచ్చే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా తేలడం ఇందువల్లే. వాన తక్కువైన చోట భూగర్భజలం రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది గనుక బోరు లోతు పెంచినంత మాత్రాన బెడద తప్పదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే షార్ట్, ఆయన సహచర వైద్యులు నమోదు చేశారు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట బయటపడేది పిల్లల పళ్ల మీద. సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు, ఆపైన గోధుమరంగు చారలు. తర్వాత నడుము వంగదు, మెడ తిరగదు. నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రకటించారు. ఒకసారి వంగిన ఎముకను తిరిగి చక్కబరిచే మందు లేదు.

విరుగుడుగా నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో ‘నల్గొండ పద్ధతి’ని రూపొందించింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే మడ్డి ఏర్పడి ఫ్లోరైడ్‌తో సహా అడుగుకు చేరుతుంది, పైతేట తీసుకుంటారు. చవకైనదే, కానీ పటిక మోతాదు నీటి క్షారగుణాన్ని బట్టి మారుతుంది. రోజూ కొలిచి వేసేవారెవరు, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి? ఈ రెండు ప్రశ్నల దగ్గరే చాలా ఊళ్లలో పద్ధతి కుంటుపడింది. అసలు పరిష్కారం నీటి వనరును మార్చడమే. 2016లో ప్రారంభమైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్గొండకు కృష్ణా నీటిని తెచ్చి చేసింది అదే.

నైట్రేట్ మనిషి చేతి పనే. పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు, పొలంలో అతిగా చల్లిన యూరియా దానికి మూలాలు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే డబ్బాపాలు తాగే పసిపిల్లలకు ముప్పు, రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. కాచితే నైట్రేట్ గానీ ఫ్లోరైడ్ గానీ పోవు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి.

క్రిములది వానాకాలపు కథ. మురుగుకాలువలో మునిగిన పైపుకు చిల్లి ఉంటే, సరఫరా ఆగినప్పుడు అది మురుగును లోపలికి పీల్చుకుంటుంది. అందుకే క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేస్తే చాలదు, ఊరి చివరి కుళాయి దగ్గరా చేయాలి. అక్కడి నీటిలో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మూతి విప్పి తేమలో వదిలేసిన బ్లీచింగ్ బస్తా సత్తువ కోల్పోతుంది. దాన్ని ఎంత చల్లినా లెక్కకే తప్ప నీటికి ఉపయోగం లేదు.

ఆర్‌ఓ ప్లాంటు ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను బాగానే తగ్గిస్తుంది. అయితే కొంత నీటిని పారబోస్తుంది, కాల్షియాన్నీ తీసేస్తుంది. క్లోరిన్ లేని ఆ నీరు కడగని క్యానులోకి చేరితే మళ్లీ క్రిములే.

జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్షల కిట్లు వాడటంలో గ్రామీణ మహిళలకు శిక్షణ ఇస్తున్నారు. ఆ ఫలితాలు ఫైళ్లలో ఉండిపోకూడదు. ఏ బోరులో ఏది ఎంత ఉందో పంచాయతీ కార్యాలయం గోడ మీద అందరికీ కనబడేలా రాయించాలి.