రేపటి కథలో మన పనేంటి?

కరపత్రంలో నా ఉపన్యాసం పేరు కాస్త భయపెట్టేలా వేశారు: 'సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సాహిత్యంలో ఆశావాదం' అని. అంత బరువైన విషయమేమీ కాదు. రేపటి రోజుని ఊహించి చెప్పే కథలు, మాయలూ మంత్రాలూ ఉన్న కథలు మనందరికీ తెలిసినవే. ఈమధ్య వాటిలో చీకటి ఎందుకింత పెరిగింది, ఇంకోలా చెప్పలేమా అన్నదే సంగతి. చెప్పగలం. మన పక్క మండలంలో పుట్టినాయన నూరేళ్ల కిందటే చెప్పి చూపించాడు.

1910లో హేలీ తోకచుక్క వచ్చింది. మే నెలలో భూమి దాని తోకలోంచి వెళ్తుందని లెక్కలు కట్టారు. ఆ తోకలో సైనోజెన్ అనే విషవాయువు ఉందని తేలింది. ఇంకేముంది, లోకం అంతమైపోతుందని పత్రికల్లో పుకార్లు మొదలయ్యాయి. అమెరికాలో తోకచుక్క విషానికి విరుగుడు మాత్రలని అమ్మితే జనం కొనుక్కున్నారు కూడా. మన దగ్గర తోకచుక్క అంటే ఎలాగూ అరిష్టమే. సరిగ్గా ఆ ఏడాదే, ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావుగారు 'ముత్యాల సరములు' రాశారు. ఆ కవితలో ఆ తోకచుక్కే ఉంది. ఆయన దాన్ని భూమికి దూరపు చుట్టంలా పలకరించారు, సంఘసంస్కరణకి జెండాలా చూశారు. ఒక్క సంగతి గమనించండి. తోకచుక్క వచ్చి మనకేదో మేలు చేసేస్తుందని ఆయన అనలేదు. జెండా పైన ఎగురుతుంది, నడవాల్సింది మాత్రం కిందున్న వాళ్లే.

కథలో ఆశ అంటే నా లెక్క ఇదే. ముగింపు సుఖాంతమా కాదా అన్నది తర్వాత. కథ విన్నవాడికి చెయ్యడానికి ఏదైనా పని మిగిలిందా?

మన తెలుగు సినిమా ఊహించిన భవిష్యత్తులు రెండు చూడండి. 'ఆదిత్య 369'లో, 1991లో, సింగీతం శ్రీనివాసరావుగారు మనల్ని 2504కి తీసుకెళ్లారు. అక్కడ అణుయుద్ధం అయిపోయి జనం భూమి లోపల బతుకుతుంటారు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో కాశీ ఒక్కటే మిగిలిన నగరం, గంగ ఎండిపోయింది, పైన వేలాడే కాంప్లెక్స్ ఉన్నదంతా పీల్చేస్తుంటుంది. చాలా బాగా తీశారు, కాదనను. కానీ అందులో ఆశంతా కల్కిగా పుట్టబోయే బిడ్డ మీదే పెట్టేశారు. మన ఉపమాక కొండ మీద స్వామి గుర్రమెక్కి ఉంటాడు, కల్కి రూపమని పెద్దలు చెప్పుకుంటారు. దణ్ణం పెట్టుకోవడానికి అది బాగానే ఉంటుంది. కథకి మాత్రం ఎవరో వస్తారని ఎదురుచూడటం చాలదు. నాకైతే ఆ సినిమాలో ఫైట్లకన్నా జనం తలదాచుకున్న శంబల మీదే మనసు పోయింది. అంతమంది కాందిశీకులు అక్కడ ఏం వండుకుంటున్నారు, గింజలు ఎక్కడ పండిస్తున్నారు? ఆ సంగతి చూపిస్తే ఇంకో టికెట్ కొనుక్కునేవాణ్ణి.

ఇప్పుడు 'మాయాబజార్' తీసుకోండి. 1957, కె.వి.రెడ్డిగారు. మీలో ఎంతమంది దాన్ని ఫాంటసీ అనుకుంటారో తెలీదుగానీ, అంతకన్నా గట్టి ఫాంటసీ మనకి లేదు. కథ మొదట్లో పరిస్థితి ఏంటి? పాండవులు అన్నీ పోగొట్టుకున్నారు. అభిమన్యుడికి ఇస్తామన్న మాట తప్పి శశిరేఖని దుర్యోధనుడి కొడుక్కి కట్టబెడుతున్నారు. బలమంతా అవతలి వాళ్ల చేతిలో ఉంది. ఇక్కడ పగ, రక్తం అంటూ కథ నడపడం ఎంత తేలిక! పైగా అభిమన్యుడు పద్మవ్యూహంలో పోతాడనీ, ఘటోత్కచుడు కర్ణుడి శక్తికి కూలతాడనీ సినిమా తీసినవాళ్లకీ తెలుసు, చూసే మనకీ తెలుసు. అయినా ఘటోత్కచుడు ఎవర్నీ చంపడు. మాయానగరం కడతాడు, పెళ్లివంట తనే తినేస్తాడు, గిల్పం, గింబళి అనే మాయ మంచం, తివాచీ పెట్టి కౌరవుల తరఫున వచ్చిన శర్మనీ శాస్త్రినీ ముప్పుతిప్పలు పెడతాడు. చివరికి శకుని సత్యపీఠం ఎక్కుతాడు. దాని మీద నిలబడగానే శకుని తన కుట్రంతా తనే కక్కేస్తాడు. దుర్మార్గుడి తల తెగలేదు, నోరు తెరుచుకుంది. పింగళి నాగేంద్రరావుగారి కలం అక్కడ చూపిన తెలివి ఇవాళ వందల కోట్ల గ్రాఫిక్స్‌లో నాకు కనబడటం లేదు.

ఇంకా వెనక్కి, 1905కి వెళ్దాం. మద్రాసు నుంచి 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అని ఇంగ్లిషు పత్రిక వచ్చేది. నడిపింది మన తెలుగింటి ఆడపడుచు కమలా సత్యనాథన్. అందులో బెంగాల్ నుంచి రొకేయా హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ రాశారు. ఆడవాళ్లు ఏలే దేశం. మగవాళ్లు ఇంట్లో పరదా చాటున ఉంటారు. అక్కడ వంటింట్లో పొగ లేదు, బొగ్గు లేదు, ఎండ వేడితోనే వంట. మబ్బుల్లోంచి బెలూన్‌తో నీళ్లు దింపుకుంటారు. రోజుకి రెండు గంటలు పనిచేస్తే చాలట. మరి మగాళ్లకి అంతసేపు ఎందుకు పట్టేదయ్యా అంటే, ఆఫీసులో చుట్టలు కాలుస్తూ కూర్చునేవాళ్లట! నవ్వండి, నవ్వాలనే రాశారావిడ. కానీ ఆ వంటిల్లు చూడండి. కట్టెల పొయ్యి ముందు కళ్లు మండినవాళ్లకే అలాంటి ఊహ వస్తుంది.

చీకటి చూపించకూడదని నేననడం లేదు. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 2020లో రాసిన 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్' ఉత్తరప్రదేశ్‌లో వడగాడ్పులకి జనం పిట్టల్లా రాలిపోవడంతో మొదలవుతుంది. చదవలేం, అంత ఘోరం. తర్వాత నవలంతా ఇంజినీర్లూ రైతులూ బ్యాంకు అధికారులూ ఏళ్ల తరబడి వాతావరణాన్ని పాడుచేసిన తప్పుని దిద్దుకునే పనే. అక్కడక్కడా విసుగొస్తుంది కూడా. దిద్దుబాటు పని అలాగే ఉంటుంది మరి.

మన నక్కపల్లి సంగతికి వస్తాను. 2025 జనవరిలో ప్రధాని ఇక్కడి బల్క్ డ్రగ్ పార్కుకి, అంటే మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలకి, శంకుస్థాపన చేశారు. రాజయ్యపేట మత్స్యకారులు వద్దని రోడ్డెక్కారు. పార్కు సంగతి తేల్చడం ఈ వేదిక పని కాదు. నేను చూసేది కథలు. ఇంటికో ఉద్యోగం, ఊరంతా వెలుగు అనే కథ ఒకటి తిరుగుతోంది. సముద్రం చచ్చిపోతుంది, ఊరు ఖాళీ అవుతుంది అనే కథ ఇంకోటి. మొదటిదాంట్లో మనం చప్పట్లు కొట్టాలి, రెండోదాంట్లో ఏడవాలి. రోడ్డు మీద కూర్చున్నవాళ్లకి కనీసం వాళ్ల కథలో వాళ్లకో పాత్ర ఉంది. మిగతా మనకి?

ఇక్కడ హైస్కూలు పిల్లలు చాలామంది ఉన్నారు. 2075లో నక్కపల్లి మీద రెండు పేజీల కథ రాయండి. లోకాన్ని ఒంటిచేత్తో కాపాడే హీరో వద్దు. కుళాయిలోకి నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయి, పొద్దున్న వేటకెళ్లిన పడవ ఏ చేప తెచ్చింది, ఆ పూట వంట ఎవరు చేశారు, ఫ్యాక్టరీ గొట్టంలోంచి వచ్చే నీళ్లని ఎవరు పరీక్ష చేస్తున్నారు, ఇవన్నీ రాయండి. విలన్ కావాలంటే పెట్టుకోండి, చంపకండి. సత్యపీఠం ఎక్కించి, ఏం వాగుతాడో వినిపించండి.