దేశం పేరే ఇంటిపేరు
(నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో రెండు గంటలూ కరువు భత్యం బకాయిలతోనే సరిపోయింది. ఈసారి అరగంటైనా వేరే విషయం చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నా సర్వీసులో సగం కాలం రికార్డు గదిలో గడిచింది. అక్కడ నాకు అబ్బినవి రెండు. ఒకటి దుమ్ము వల్ల వచ్చిన దగ్గు. రెండోది, కాగితం మీద మనిషి పేరు కనబడితే అది అలా ఎందుకు పడింది, ఎవరు రాశారు అని ఆలోచించే అలవాటు. ఆ అలవాటుతోనే స్పెయిన్ దేశంలో ఉన్న ఒక అరుదైన ఇంటిపేరు గురించి పుస్తకాల్లో, పత్రికల్లో దొరికినంతా చదివాను. అదే మీతో పంచుకుంటాను.

ఆ ఇంటిపేరు ‘హపోన్’. స్పానిష్ వాళ్లు ఇంగ్లీషు ‘జె’ అక్షరాన్ని ‘హ’ అని పలుకుతారు. కాబట్టి రాతలో చూస్తే అది ‘జపాన్’ అన్నమాటే. దక్షిణ స్పెయిన్‌లో సెవిల్ నగరానికి కాస్త దిగువన, గ్వాదల్‌కివీర్ నది ఒడ్డున కోరియా దెల్ రియో అనే ఊరుంది. పేరు విని కొరియా దేశం అనుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. జనాభా ముప్పై వేల చిల్లర. ఆ ఊళ్లో సుమారు ఆరేడు వందల మంది ఇంటిపేరు జపాన్. చూడటానికి అందరూ మామూలు స్పానిష్ వాళ్లే. స్పెయిన్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే ఇంటిపేరు గార్సియా, అది పద్నాలుగు లక్షల మందికి పైగా ఉంది. దాని పక్కన మన హపోన్ ఏపాటిది? ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఒక్క ఊళ్లోనూ, దాని చుట్టుపక్కలా ఉన్నారు. ప్రపంచానికి ఆ చివరనున్న దేశం పేరు ఈ చివరనున్న చేపలు పట్టుకునే ఊరివాళ్లకు ఇంటిపేరు ఎలా అయింది?

దీనికి 1613 దాకా వెళ్లాలి. జపాన్ ఉత్తర భాగంలో సెందాయ్ ప్రాంతాన్ని దాతే మసమునే అనే ప్రభువు ఏలుతున్నాడు. ఒంటికన్ను దొర అని ఆయనకు పేరు. అప్పట్లో మెక్సికో స్పెయిన్ వాళ్ల చేతిలో ఉంది. ఆ మెక్సికోతో నేరుగా వర్తకం చేసుకోవాలని ఆయన ఆశ. దానికి స్పెయిన్ రాజు అనుమతి కావాలి, పోప్ గారి మాట సాయం ఉంటే మరీ మంచిది. లూయిస్ సొటెలో అనే ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ సన్యాసి దారి చూపిస్తానన్నాడు. ఆయనా సెవిల్ నగరం వాడే. రాయబారిగా పంపడానికి దొర ఎంచుకున్న మనిషి హసెకురా త్సునెనాగా. ఇతను పెద్ద హోదా ఉన్నవాడేమీ కాదు, మధ్య తరగతి సమురాయ్. అదే సంవత్సరం అతని తండ్రి మీద అవినీతి అభియోగం వచ్చి మరణశిక్ష పడింది. భూములు పోయాయి. ఇంటి పరువు నిలబెట్టుకోవడానికి కొడుక్కి దొరికిన అవకాశం ఈ ప్రయాణం. మన భాషలో చెప్పాలంటే ఎవరూ కోరుకోని డ్యూటీని, గత్యంతరం లేని ఉద్యోగికి వేశారు.

1613 అక్టోబరు 28న త్సుకినౌరా రేవు నుంచి ఓడ కదిలింది. దాంట్లో సుమారు నూట ఎనభై మంది ఉన్నారు. పసిఫిక్ సముద్రం దాటి 1614 జనవరిలో మెక్సికో ఒడ్డున ఆకపుల్కో చేరారు. చాలామంది అక్కడే ఆగిపోయారు. హసెకురా ముప్పై మంది దాకా మనుషులతో మెక్సికోను అడ్డంగా దాటి, మళ్లీ ఓడెక్కి, అట్లాంటిక్ దాటి అక్టోబరులో స్పెయిన్ చేరాడు. సెవిల్ నగరంలో స్వాగత ఏర్పాట్లు జరుగుతుండగా, ఈ బృందం నది మీద పైకి వచ్చి కొన్నాళ్లు మజిలీ చేసిన ఊరే కోరియా దెల్ రియో.

తరువాతి సంగతులు తొందరగా చెబుతాను. 1615 జనవరి 30న మాడ్రిడ్‌లో రాజు మూడో ఫిలిప్ దర్శనం. ఫిబ్రవరిలో హసెకురా క్రైస్తవం తీసుకుని ఫెలిపె ఫ్రాన్సిస్కో అయ్యాడు. నవంబరులో రోమ్ నగరంలో పోప్ అయిదో పౌలును చూశాడు. దారిలో ఫ్రాన్స్ దక్షిణ తీరాన కొన్నాళ్లు ఆగారు. ఈ జపాన్ వాళ్లు మెత్తటి కాగితంతో ముక్కు తుడుచుకుని పారేస్తే, ఆ కాగితం ముక్కల కోసం జనం ఎగబడ్డారని అక్కడివాళ్లు రాసిపెట్టారు. కాగితంతో ముక్కు తుడుచుకోవడం అక్కడ ఎవరూ ఎరగరు మరి. చరిత్రలో నిలిచేవి ఇలాంటివే ఎక్కువ, సంధి షరతులు ఎవరికీ గుర్తుండవు.

అసలు పని మాత్రం కాలేదు. వీళ్లు ప్రయాణంలో ఉండగానే, 1614 మొదట్లో జపాన్‌లో క్రైస్తవాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ వెలువడింది. ఆ కబురు స్పెయిన్‌కు అందాక రాజు ఏదీ తేల్చలేదు. ఫైలు నడుస్తూనే ఉంటుంది, ఉత్తర్వు రాదు. ఆ పరిస్థితి ఎలా ఉంటుందో ఈ సభలో వేరే చెప్పనక్కరలేదు. రోమ్ నుంచి తిరిగివచ్చి, సెవిల్ పక్కనే లొరెటో మఠంలో నెలల తరబడి జవాబు కోసం కనిపెట్టుకుని, చివరికి 1617లో హసెకురా వట్టి చేతులతో బయలుదేరాడు. 1620లో ఇల్లు చేరాడు. వెళ్లి ఏడేళ్లయింది. 1622లో చనిపోయాడు. సొటెలో సన్యాసి రహస్యంగా జపాన్‌లో అడుగుపెట్టి పట్టుబడ్డాడు, 1624లో సజీవంగా కాల్చేశారు. ఇంట్లో నౌకర్లు క్రైస్తవులన్న నేరానికి 1640లో హసెకురా కొడుకు ప్రాణం తీశారు. పరువు కోసం లోకం చుట్టివచ్చిన మనిషి ఇల్లు అలా కూలిపోయింది. ఆ వంశానికి మళ్లీ హోదా రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

ఇక మన విషయం. 1617లో వెనక్కి బయలుదేరిన ఓడలో అందరూ ఎక్కలేదు. కొందరు స్పెయిన్‌లోనే ఉండిపోయారు. వాళ్లు క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లు. తిరిగి వెళితే తల ఉంటుందో లేదో తెలియదు. నాకు ఈ కథలో మనసు నిలిచిపోయిన చోటు ఇదే. రాయబారి వెళ్లిపోయాడు, జీతం ఇచ్చే ప్రభువు సముద్రాల అవతల ఉన్నాడు, భాష అంతంత మాత్రం. వాళ్లలో తోమాస్ ఫెలిపె అనే పేరుతో ఒక సమురాయ్ ఉన్నాడు. అది బాప్తిస్మంలో పెట్టిన పేరు. ఇతను ఒక స్పానిష్ పెద్దమనిషి దగ్గర కొలువుకు కుదిరాడు. ఆ పెద్దమనిషి ఇతన్ని బానిసగా చేసేశాడు. తనకు స్వేచ్ఛ ఇప్పించి స్వదేశానికి పోనివ్వమని అతను రాజుగారికి పెట్టుకున్న అర్జీ ఆ దేశపు దస్తావేజుల్లో ఉంది. ఎన్ని అర్జీలు నా చేతుల మీదుగా పోయాయో లెక్కలేదు గాని, ఇలాంటిది ఒక్కటైనా చూసి ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు పేరు సంగతి. ఆ కాలపు స్పానిష్ భాషలో జపాన్ దేశస్థుణ్ణి ‘హపోన్’ అనే అనేవారు. నేడు ‘హపొనెస్’ అంటారు, అప్పుడు దేశానికీ మనిషికీ ఒకటే మాట. కాబట్టి గుడిలో గురువు గాని, కచేరీలో గుమాస్తా గాని ఫలానా తోమాస్, ఫలానా హువాన్ అని రాసి, ఏ తోమాసో తెలియడానికి పక్కన ‘హపోన్’ అని చేర్చేవాడు. మన రికార్డుల్లో ఒకే పేరున్న ఇద్దరిని గుర్తుపట్టడానికి పక్కన ఊరిపేరు రాసినట్టే. వాళ్ల సొంత పేర్లు పలకడం ఆ గుమాస్తా వల్ల కాలేదు. గుర్తు కోసం రాసిన మాట పిల్లలకు ఇంటిపేరయింది.

ఇందులో మనకు వింతేముంది? మన ఇంటిపేర్లలో సగం ఊరిపేర్లే కదా. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ మనల్ని ఆ ఊరిపేరుతో పిలవరు. వేరే ఊరికి వలస వెళితే, అక్కడివాళ్లు ఫలానా ఊరివాళ్లు అంటారు. అంటే ఇంటిపేరు మనం పెట్టుకున్నది కాదు, పొరుగువాళ్లు పెట్టింది. మన పిల్లలు అమెరికా వెళ్లినప్పుడు ఫారంలో గడులు తారుమారై, ఇంటిపేరు అసలు పేరుగా, తండ్రి పెట్టిన పేరు ఇంటిపేరుగా మారిపోవడం మీలో చాలామందికి అనుభవమే. నా పెన్షన్ కాగితాల్లో ఒక కార్యాలయంవారు నా ఇంటిపేరు పొడి అక్షరం తప్పుగా టైపు చేస్తే, నేను నేనేనని రుజువు చేసుకోవడానికి పదకొండు నెలలు తిరిగాను.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. పేరు ఉన్నంతమాత్రాన వంశం రుజువైనట్టేనా? రికార్డు మనిషిగా నా జవాబు, పూర్తిగా కాలేదని. కోరియా గుడిలో బాప్తిస్మ పుస్తకాలున్నాయి. వాటిలో హపోన్ అన్న పేరు పదిహేడో శతాబ్దం మధ్య దాటాక కనబడుతుంది. సరిగ్గా రాయబారం వచ్చిన నాటి నుంచి తరువాతి కొన్ని దశాబ్దాల పుస్తకం మాత్రం లేదు. గొలుసులో మొదటి కొలికి ఊడిపోయింది. 2013లో జపాన్ నుంచి పరిశోధకులు వచ్చి, ఈ ఇంటిపేరు గలవారు వందల మంది దగ్గర జన్యు పరీక్షకు నమూనాలు తీసుకున్నారు. వంశాన్ని తిరుగులేకుండా తేల్చే జవాబు దాని నుంచి రాలేదు.

అది తేలిక కాదు కూడా. తరానికి ముప్పై ఏళ్ల చొప్పున నాలుగు వందల ఏళ్లంటే పదమూడు తరాలు. పదమూడు తరాలు వెనక్కి పోతే ఒక్కొక్కరికి లెక్క ప్రకారం ఎనిమిది వేలకు పైగా ముత్తాతలు, ముత్తవ్వలు. బంధువుల్లోనే పెళ్లిళ్లు జరిగితే ఆ సంఖ్య తగ్గుతుంది, మేనరికాలు ఎరిగిన మనకు అది తెలిసిందే. అయినా అంతమందిలో ఒక్క జపాన్ తాత రక్తం ఎంత మిగులుతుంది? పైగా ఆ రోజుల్లో స్పెయిన్‌లో ఇంటిపేరు తండ్రి నుంచే రావాలన్న గట్టి నియమం లేదు. తల్లిది, అమ్మమ్మది కూడా పెట్టుకునేవారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే జన్యువును వెతికితే, ఆడపిల్ల ద్వారా వచ్చిన పేరుకు సాక్ష్యం దొరకదు. ఆ ఊళ్లో కొందరు పసిబిడ్డలకు నడుము కింద నీలి మచ్చ ఉంటుందనీ, అదే ఆసియా గుర్తనీ చెప్పుకుంటారు. మన పిల్లల్లోనూ ఆ మచ్చ ఎందరికో ఉంటుంది. దాన్ని సాక్ష్యంగా నేనైతే ఒప్పుకోను.

మరి ఇంత చిన్న పేరు ఎలా బతికింది? స్పెయిన్ పద్ధతి కొంత సాయపడింది. అక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు. ముందు తండ్రిది, తరువాత తల్లిది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. (సోదరీమణులు చప్పట్లు కొడుతున్నారు, నేను వద్దనను.) ఆ విధంగా ఒక తరం పాటు తల్లి ఇంటిపేరు కూడా కాగితం మీద నిలబడుతుంది. కాని రెండో స్థానంలో ఉన్నది మనవళ్ల నాటికి రాలిపోతుంది. అరుదైన పేర్లు అంతరించేది ఇలాగే. 1999లో చట్టం మార్చి, తల్లి పేరు ముందు పెట్టుకోవడానికి దంపతులకు వీలిచ్చారు. 2017 నుంచి తండ్రిదే ముందు అన్న వరస కూడా తీసేసి, ఏది ముందో తల్లిదండ్రులనే చెప్పమన్నారు. హపోన్‌కు ఇది మంచిదే. ఒకే ఊళ్లో గుంపుగా ఉండి, అక్కడే సంబంధాలు కలుపుకోవడం వల్ల ఈ చట్టాలు రాకముందే అది నిలదొక్కుకుంది. 1990లలో స్పెయిన్ ఫుట్‌బాల్ పోటీల్లో ఒక రిఫరీ ఉండేవాడు. అక్కడ రిఫరీలను రెండు ఇంటిపేర్లతో పిలవడం ఆచారం. ఈయన పేరు హపోన్ సెవిల్యా. అంటే జపాన్, సెవిల్! బయలుదేరిన చోటు, చేరిన చోటు రెండూ ఆయన పేరులోనే ఉన్నాయి.

జపాన్ వాళ్లు మాత్రం ఈ రాయబారాన్ని రెండున్నర శతాబ్దాలు మరిచిపోయారు. నిషేధకాలంలో దాని ఊసెత్తడమే ప్రమాదం. 1873లో ఇవాకురా నాయకత్వాన జపాన్ ప్రభుత్వ బృందం యూరప్ తిరుగుతూ వెనిస్ వెళ్లినప్పుడు, అక్కడి దస్తావేజుల్లో హసెకురా సంతకం ఉన్న ఉత్తరాలు చూపించారట. మనవాడు ఇక్కడికి వచ్చాడా అని ఆశ్చర్యపోయారు. రికార్డు గదిలో కూర్చున్నవాళ్లను చులకనగా చూసే అధికారులకు ఈ మాట నేను చాలాసార్లు చెప్పాను. ఆ ప్రయాణానికి చెందిన వస్తువులు, పత్రాలు 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి.

కోరియాలో నది ఒడ్డున హసెకురా విగ్రహం 1992 నుంచి ఉంది. 2013 జూన్‌లో, అప్పటికి యువరాజుగా ఉన్న నేటి జపాన్ చక్రవర్తి నరుహితో ఆ ఊరికి వచ్చి, ఒక చెర్రీ మొక్క నాటి, హపోన్ ఇంటిపేరు గలవాళ్లను పలకరించాడు. దానికి రెండేళ్ల ముందు, 2011 మార్చి సునామీ కొట్టిన తీరంలోనే హసెకురా ఓడ బయలుదేరిన రేవు ఉంది. అక్కడ 1993లో కట్టిపెట్టిన ఆ ఓడ నమూనా సునామీకి తట్టుకుని నిలిచింది గాని, తరువాత కలప చీకిపోయి దాన్ని విప్పేశారు. సునామీ కబురు విన్న రోజుల్లో కోరియా ఊరివాళ్లు గుడిలో ప్రార్థనలు చేశారు. ఎన్నడూ చూడని దేశం అది. రక్త సంబంధం తేలనూ లేదు. అయినా టీవీలో ఆ దేశం పేరు వినబడినప్పుడల్లా, అది వాళ్ల ఇంటిపేరే కదా.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. మీ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు టీ తాగుతూ నాకు చెప్పండి, నా దగ్గర నోటుబుక్కు ఉంది.