విద్యుత్కార్లును మన విద్యార్థినిధియు



విద్యుత్కార్లకు ముడిపదార్థముల నమ్ము కంపెనీల వాటాలను మన విద్యార్థినిధితో కొనుదమని కొందఱు మిత్రులు కోరుచున్నారు. వారి యుత్సాహము మెచ్చదగినదే. కాని 2022 నవంబరులో చైనాయందు టన్ను సుమారు 6 లక్షల యువానులు పలికిన లిథియము కార్బొనేటు 2023 చివరకు సుమారు లక్షకు దిగినది. ఆ యేడును కార్ల యమ్మకము పెరుగుచునే యుండెను! గనులు మిక్కుటమైనవి, సరకు మిగిలిపోయినది. ఇక కోబాల్టు మాట చెప్పనేల? ఇనుము, ఫాస్ఫేటులతో జేయు బ్యాటరీకి అదియు నక్కఱలేదు, నికెలును నక్కఱలేదు. ఏ బ్యాటరీ గెలిచినను కారులో రాగితీగలు వలయును గదా! తీగలు చేయువారు పెట్రోలు కార్లకును అమ్ముకొనగలరు.

జూన్ నెలలో ఫీజుకై వచ్చు పిల్లవానితో లిథియము ధర పడినదని మేము చెప్పజాలము. కావున అసలు బ్యాంకులోనే యుంచి, వడ్డీలో నాల్గవవంతుకు మించకుండ అట్టి తీగల కంపెనీల వాటాలు కొనుటకు సభవారి యనుమతిని గోరుచున్నాము.