పెద్దక్షరములు, చిన్నక్షరములు

తెలుగు లిపియందు పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు గనుక, రోమను లిపి వ్రాయువారికి నిత్యకృత్యమైన యీ మార్పు కంప్యూటరులో నెట్లు జరుగుచున్నదో మనము సాధారణముగా విచారింపము.

అక్షరములకు సంఖ్యలను కేటాయించు 1967వ సంవత్సరపు ఆస్కీ ప్రమాణమునందు పెద్ద 'ఏ'కు 65, చిన్న 'ఏ'కు 97 సంఖ్యలుగా నిర్ణయింపబడినవి. 'బి'కి 66, 98. ఇట్లే 'జెడ్' వఱకును ప్రతి జంటకును నడుమ భేదము సరిగా 32. ఈ సంఖ్య రెండును రెండుచే పలుమార్లు హెచ్చింపగా వచ్చినది కావున, అక్షరమును సూచించు ఏడు బిట్లలో నొక్క బిట్టును మార్చినంతనే అక్షరము రూపాంతరము చెందును. ఆ ప్రమాణమును కూర్చినవారి దూరదృష్టి నిజముగా శ్లాఘనీయము.

అయితే ఇంగ్లీషు పొలిమేర దాటినంతనే యీ సౌలభ్యము నిలువదు. జర్మను భాషలోని 'ఎస్‌సెట్' అను అక్షరమును పైథాను అను ప్రోగ్రామింగు భాషలో 'అప్పర్' అను ఆజ్ఞచే పెద్దది చేసినచో, ఆ యొక్క అక్షరము రెండు 'ఎస్'లుగా విడివడును; పిమ్మట 'లోయర్' అనినను పూర్వరూపము మరల రాదు. తుర్కీ భాషయందు చుక్కగల 'ఐ'యు చుక్కలేని 'ఐ'యు వేర్వేఱు అక్షరములు. వాని పెద్దరూపములును వేర్వేఱు. అందుచేత జావాలో వ్రాసిన ప్రోగ్రాము తుర్కీ భాషకు అమర్చిన యంత్రముపై నడచునపుడు, 'టైటిల్' అను ఇంగ్లీషు మాటలోని 'ఐ' సైతము చుక్కతోనే పెద్దదై, సరిపోలవలసిన మాటలు సరిపోలకపోవును. ఇట్టి దోషమును కనిపెట్టుట మిక్కిలి కష్టము. కావున మాటలను పోల్చుటకై మార్చువారు జావాలో ఏ భాషకును చెందని 'లొకేల్ రూట్'ను పేర్కొనవలెను. పైథానులో 'కేస్‌ఫోల్డ్'ను వాడవలెను. తెలుగు మాటను ఈ ఆజ్ఞలకిచ్చినచో నది యథాతథముగా తిరిగివచ్చును.