ఎండినా పోని ప్రాణం: లేవెన్‌హుక్ స్మారకోపన్యాసం



ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్ హాలండులో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు. 1723లో కన్నుమూశాడు. ఆయన సభ వశిష్ఠ గోదావరి ఒడ్డున ఎందుకని అడిగేవారికి రొయ్యల చెరువులే జవాబు. పట్టుబడి అయ్యాక నీళ్లు తోడి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెడతారు, రోగాలు పోవాలని. అయినా కొత్త నీరు పెట్టిన కొద్ది రోజులకే అందులో రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు తిరుగుతుంటాయి. కొన్ని నీటితో వచ్చినవే. కొన్ని మాత్రం ఆ మట్టిలోనే గుడ్లుగా ఎండి, తడి కోసం కాచుకున్నవి.

లేవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో చూసింది ఈ రోటిఫర్ల జాతివాళ్లనే, కాకపోతే గుడ్లను కాదు, పెరిగిన జీవాలను. ఇంటి చూరు కాలువలో ఎండిపోయిన మట్టి తీసి, గాజుగొట్టంలో వేసి, మరగబెట్టి చల్లార్చిన వాననీరు పోశాడు. గంట గడవకముందే జీవాలు పాకడం మొదలుపెట్టాయి. 1702లో ఆ సంగతి లేఖగా రాశాడు. చూరుకాలువ మట్టిలో ఏదో ఉంటుందని బుద్ధి పుట్టడమే ఒక విశేషం!

తర్వాత 1743లో నీడమ్ అనే పరిశోధకుడు చీడ పట్టిన గోధుమ గింజల్లో ఎండిపోయిన సూక్ష్మ పురుగులు తడి తగిలి మెదలడం చూశాడు. 1776లో ఇటలీలో స్పల్లంజానీ ఇలాగే తడిస్తే కదిలే నీటి ఎలుగుబంట్లు అనే సూక్ష్మజీవుల గురించీ రాశాడు. అక్కడి నుంచి తగవు పెరిగింది. అసలు అవి చచ్చి బతికాయా, చావనే లేదా? ఫ్రాన్సులో దోయేర్, పూషే అనే ఇద్దరు ఎవరి పట్టు వారు వదలలేదు. చివరికి పారిస్‌లో ఒక సంఘం కూర్చుంది. దాని తరఫున పోల్ బ్రోకా 1860లో నివేదిక రాశాడు. వాయువు తీసేసిన పాత్రలో 82 రోజులు ఎండబెట్టి, ఆపైన 100 డిగ్రీల వేడిలో అరగంట ఉంచిన నాచులో రోటిఫర్లు మళ్లీ కదిలాయి. ఇంతకంటే ఎండబెట్టడం ఆ రోజుల్లో ఎవరి తరమూ కాదు. అయినా ‘ప్రాణం ఆగిందా’ అన్న ప్రశ్నకు ఆ సంఘం తీర్పు చెప్పకుండా తప్పుకుంది. ఆ సంయమనం మెచ్చుకోదగ్గదే.

ఈ గొడవలేవీ తెలియని వ్యాపారం మాత్రం ఎండిన ప్రాణాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మసాగింది. ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్యజాతి జీవి, నీటిలో ఉప్పు పెరిగితే పిల్లల బదులు గట్టి పెంకు గుడ్లు వదులుతుంది. ఒక్కొక్క దానిలో సుమారు 4,000 కణాల పిండం ఆగిపోయి ఉంటుంది. ఆ పిల్లలు చేపలకు మేతగా పనికొస్తాయని 1933లో ఆల్విన్ సీల్ రాశాడు. ఈనాడు రొయ్యపిల్లలను పొదిగించే హేచరీల్లోకి వచ్చే డబ్బాల్లో పెద్ద భాగం అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ సరుకే. గ్రాముకు రెండు మూడు లక్షల గుడ్లు. సముద్రపు నీటిలో వేసి గాలి కొడితే ఒక రోజులో పిల్లలు. 2009లో మన దేశంలోకి అనుమతి పొందిన వనామీ రొయ్య బాల్యంలో తినేదీ వాటినే.

ఇక ఎండినా చావకపోవడంలోని రహస్యం సంగతి. ఆర్టీమియా గుడ్డు పొడి బరువులో దాదాపు 15 శాతం ట్రెహలోజ్ అనే చక్కెర అని జేమ్స్ క్లెగ్ లెక్క తేల్చాడు. నీరు పోయేకొద్దీ ఆ చక్కెర నీటి స్థానంలో కణపొరలను పట్టి నిలుపుతుంది, చివరికి గాజులా గట్టిపడుతుంది. లోపల ఏ రసాయనమూ కదలదు. లేవెన్‌హుక్ పేరిటే ఇచ్చి, 1959లో అచ్చయిన ఒక ఉపన్యాసంలో డేవిడ్ కీలిన్ ఈ స్థితికి క్రిప్టోబయోసిస్ అని పేరు పెట్టాడు.

చక్కెరే తాళంచెవి అని అందరూ నమ్ముతుండగా, 2003లో టన్నక్లిఫ్, లాపిన్‌స్కీ లేవెన్‌హుక్ రోటిఫర్ల తెగనే మళ్లీ పరీక్షించారు. వాటిలో ట్రెహలోజ్ లేనే లేదు! మొదట దొరికిన జీవే సిద్ధాంతానికి లొంగలేదు. నీటి ఎలుగుబంట్లలోనూ చక్కెర కంటే కొన్ని ప్రత్యేక ప్రొటీన్లే ముఖ్యమని 2017 నుంచి తెలుస్తోంది.

హేచరీవాళ్లకు మాత్రం చక్కెర లెక్కే ముఖ్యం. చెమ్మ తగిలిన డబ్బాలో ఆర్టీమియా పిండం మేలుకుని, దాచుకున్న ట్రెహలోజ్‌ను ఖర్చుపెట్టడం మొదలెడుతుంది. మళ్లీ ఎండబెడితే ఎండుతుంది గానీ, ప్రతి తడవా పొదిగే శాతం పడిపోతుంది. అందుకే తెరిచిన డబ్బాను గాలి చొరకుండా బిగించి, చల్లగా, పొడిగా ఉంచుతారు.