నగరారోగ్యమును తెలుపు పటములు



చరకసంహితలో విమానస్థానమున మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోవుటను గూర్చి అందు విచారణ జరిగినది. పాంచాల దేశమున కాంపిల్య నగరము చెంత, గంగయొడ్డున, ఆత్రేయ మహర్షిని శిష్యుడైన అగ్నివేశుడు ఒక ప్రశ్న యడుగును. ఒకని దేహతత్త్వము వేరొకనికి లేదు. ఒకడు తినునది వేరొకడు తినడు. బలములో, వయస్సులో, మనస్సులో ఎవరికి వారే. అట్టివారందరును ఒక్కమారుగా, ఒకే రోగముచేత ఎట్లు నశింతురు? ప్రశ్న చిన్నది కాదు. గురువు చెప్పిన సమాధానము సూటిగా నున్నది. మనుష్యులు వేరువేరైనను వారందరికి ఉమ్మడియైనవి నాలుగు గలవు: వాయువు, ఉదకము, దేశము, కాలము. ఇవి చెడినచో జనపదము చెడును.

నాలుగని చెప్పుట సులభమే. మహమ్మారి వచ్చి మీదపడినప్పుడు ఆ నాలుగింటిలో చెడినది యేదియో పట్టుకొనుట సులభము కాదు. పల్లెలో నాలుగు బావులుండును; ఎవరు ఏ బావినీరు తోడుకొందురో ఊరందరికి తెలియును. లక్షలమంది క్రిక్కిరిసిన నగరమున ప్రక్కయింటివారు ఎచ్చటి నీరు త్రాగుదురో తెలియదు. అందుచేత అచ్చట లెక్క కావలెను. ఆ లెక్కను కంటికి గనిపింపజేయు పటము కావలెను. నేడు నగరముల గాలిని, నీటిని, వేడిమిని రంగులలోను గీతలలోను చూపు విద్య విస్తారముగా పెరిగినది. ఆ విద్యకు పేరు తెచ్చిన కథ 1854లో లండను నగరమున జరిగినది. దానిని తరచుగా తప్పుగా చెప్పుచుందురు గనుక కొంత నిదానముగా చెప్పుకొనుట మేలు.

అప్పటికి లండను జనసంఖ్య 23 లక్షలు దాటినది. ఇండ్ల క్రింద మురుగు గోతులు. వాటి ప్రక్కనే త్రాగునీటి బావులు. వంగదేశమునుండి 1817లో బయలుదేరిన కలరా, 1831లో ఇంగ్లండు చేరి, మాటిమాటికి విజృంభించుచుండెను. నగరమంతయు దుర్గంధమే గనుక, ఆ చెడుగాలియే రోగమునకు మూలమని వైద్యులు, ప్రభుత్వమువారు గట్టిగా నమ్మియుండిరి. చరకుని నాలుగింటిలో వారు వాయువును పట్టుకొనిరన్నమాట. ముక్కుకు తెలిసిన దానిని కాదనుట కష్టము.

కాదన్నవాడు జాన్ స్నో అను వైద్యుడు. యార్కు పట్టణమున 1813లో ఒక కూలివాని యింట పుట్టినవాడు. మత్తుమందు నిచ్చుటలో ఆరితేరి, 1853లో విక్టోరియా రాణికి ప్రసవసమయమున క్లోరోఫారము నిచ్చిన ఘనుడు. వాయువుల నడత అతనికి తెలిసినంతగా చెడుగాలి వాదమువారికి తెలియదు. కలరా మొదట పట్టునది ప్రేగులను గాని ఊపిరితిత్తులను గాదు. కాబట్టి అది నోటివెంట, నీటితో, లోనికి పోవుచున్నదని అతడు 1849లోనే ఒక చిన్న పుస్తకమున వ్రాసెను. దానిని లక్ష్యపెట్టినవారు తక్కువ. పటము గీసి, దానిని చూచి, స్నో రహస్యమును కనుగొన్నాడని చెప్పు కథ యిచ్చటనే తప్పినది. ఊహ ముందు పుట్టినది. పటము దానికి సాక్షిగా వచ్చినది.

1854 ఆగస్టు 31వ తేదీ రాత్రి సోహో పేటలో బ్రాడ్ వీధి పరిసరమున కలరా ఒక్కసారిగా విరుచుకొనిపడెను. ఒక కూడలికి 250 గజముల లోపల, పది దినములలో, 500 మందికి పైగా చనిపోయిరి. ఇల్లు విడిచి పోగలిగినవారెల్ల పోయిరి. స్నో ఆ దాపుననే నివసించువాడు. అతడు జనన మరణముల కచేరికి పోయి మృతుల జాబితా నడిగెను. మొదటి మూడు దినములలో అచ్చట నమోదైన మరణములు 83. ఆ జాబితా చేత బట్టుకొని, జనులు పారిపోవుచున్న వీధులలోనికి ఒంటిగా నడచి, ఇంటింటి తలుపు తట్టెను. 83 మందిలో 73 మంది బ్రాడ్ వీధి పంపునకు చేరువవారు. వారిలో 61 మంది ఆ నీరు త్రాగుచుండినట్లు తేలినది. మిగిలిన పదుగురి యిండ్లు వేరు పంపులకు దగ్గర. వారి మాటేమి? విచారింపగా, ఐదుగురి కుటుంబములు దగ్గరి పంపును కాదని బ్రాడ్ వీధి నీరే తెప్పించుకొనుచుండెడివి. ముగ్గురు బిడ్డలు ఆ పంపు దాపున నున్న బడికి పోవుచుండెడివారు.

సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలము స్నో పేట పాలకుల సభకు పోయి చెప్పెను. మరునాడు పంపు పిడి నూడదీసిరి. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టినదనియు, ప్రజలు పారిపోవుట కూడ అందుకు కారణమనియు స్నోయే వ్రాసియున్నాడు. గొప్పలు చెప్పుకొనని యీ గుణము శాస్త్రజ్ఞులలో అరుదు. కథకులలో మరింత అరుదు.

ఇక పటము. గ్రామపటము చూచినవారికి దీనిని వివరింప నక్కరలేదు. వీధులు, ఇండ్ల వరుసలు, పంపుల జాడలు గల పేటపటమును తీసికొని, ఏ యింట నొకరు చనిపోయిరో ఆ యింటి మొగమున నొక నల్లని పొట్టిగీతను స్నో వేయించెను. ఇద్దరు పోయినచోట రెండు గీతలు, ఒకదానిపై నొకటి, ఇటుకలు పేర్చినట్లు. జాబితాలో పేరు క్రింద పేరుగా నుండిన మరణములు పటము మీద వీధులకు పంచుకొనబడెను. పంపు చుట్టును నలుపు చిక్కబడినది. దూరము పోయినకొలది పలుచబడినది. తరువాత పేట విచారణ సంఘమున కిచ్చిన ప్రతిలో మరియొక గీత చేర్చెను. ఆ గీత మీద ఎచ్చట నిలువబడినను బ్రాడ్ వీధి పంపునకును, వేరొక పంపునకును నడక సమానము. కొలబద్ద దూరము గాదు, వీధుల మలుపులు తిరిగి పోవు నడక. నీళ్లబిందె మోసినవారికి ఆ భేదము తెలియును.

ఆ పటమున నలుపుకంటె తెలుపు ఎక్కువ చెప్పుచున్నది. పోలండ్ వీధిలోని బీదల ఆశ్రమమున 535 మంది యుండిరి. చుట్టును పీనుగులు లేచుచుండగా అందు చనిపోయినవారు ఐదుగురే. వారికి సొంత బావి కలదు. బ్రాడ్ వీధిలోనే యున్న బీరు కర్మాగారమున 70 మందికి పైగా పనివారు. ఒక్కరును కలరాతో చావలేదు. వారికి కంపెనీ బావియు, దినదినము బీరు బత్తెమును ఉండెను. వారు పంపు జోలికి పోయినవారు కారు. అదే వీధిలో తుపాకి మందుటోపీలు చేయు కర్మాగారమున పంపునీటిని రెండు తొట్లలో నింపి పెట్టెడివారు. 200 మంది పనివారిలో 18 మంది పోయిరి. గాలి యందరికి నొక్కటే గదా! ఆ కర్మాగారము యజమానుల తల్లి దూరమున హాంప్‌స్టెడ్ కొండమీద కాపురముండెను. బ్రాడ్ వీధి నీటిరుచి మరిగిన యా వృద్ధురాలికి బండిమీద దినమునకొక సీసా నీరు పోవుచుండెను. ఆగస్టు 31న పోయిన సీసానీరు త్రాగి ఆమె సెప్టెంబరు 2న మరణించెను. చూడవచ్చిన మేనకోడలు ఆ నీరే త్రాగి ఇస్లింగ్టనులోని తన యింట చనిపోయెను. ఆ రెండుచోట్ల చుట్టుప్రక్కల కలరా లేదు.

ఇంత స్పష్టముగా నున్నను ప్రభుత్వ ఆరోగ్యసంఘమువారు స్నో మాటను త్రోసివేసిరి. వారి యొద్దను లెక్కలు గలవు, వారి యొద్దను చిత్రములు గలవు. విలియం ఫార్ అను మహాగణకుడు జనన మరణముల కచేరిలో నుండి, 1849 కలరా మరణములను నేల యెత్తుతో సరిపోల్చెను. థేమ్సు నదిమట్టమునకు 20 అడుగుల లోపలనున్న పేటలలో పదివేలమందికి 102 మంది చావగా, ఎత్తు పెరిగినకొలది ఆ సంఖ్య మెట్లు దిగినట్లు దిగిపోయెను. చిత్రము చక్కనిది, అంకెలు సత్యములు. పల్లపుచోట్ల చెడుగాలి దట్టముగా నుండుటయే కారణమని ఆయన తీర్మానించెను. పల్లపువారు నదిలో మురుగు కలిసిన దిగువనీరు త్రాగుచుండిరను సంగతి ఆ చిత్రమున లేదు. చరకుని భాషలో చెప్పవలెనన్న, దేశమును చూపి వాయువును శిక్షించిరి. కొండమీది వృద్ధురాలి మరణము ఒక్కటియే ఆ చిత్రమును నిలదీయుటకు చాలును. కాని ఒక్క ముసలమ్మ కొరకు అందమైన చిత్రము నెవరు చింపుదురు?

స్నో అంతటితో ఊరకుండలేదు. దక్షిణ లండనులో రెండు నీటికంపెనీల గొట్టములు ఒకే వీధిలో, ఒక యింటికి ఒకటి, ప్రక్కయింటికి వేరొకటి పోవుచుండెను. లాంబెత్ కంపెనీ 1852లో తన నీటిని నగరమునకు ఎగువనుండి తెచ్చుట ప్రారంభించినది. సదర్క్ వాక్సాల్ కంపెనీ మురుగు కలియు దిగువచోటనే తోడుచుండెను. తమ నీరు ఏ కంపెనీదో ఇంటివారికే తెలియదు. దిగువనీటిలో ఉప్పు 40 రెట్లు ఎక్కువ గనుక, స్నో ప్రతి యింటినీటిని వెండిక్షారముతో పరీక్షించి తెలిసికొనెను. 1854 విజృంభణము మొదటి ఏడు వారములలో పదివేల యిండ్లకు దిగువనీరు త్రాగినవారిలో 315 మరణములు. ఎగువనీరు త్రాగినవారిలో 37.

బ్రాడ్ వీధి బావి ఎట్లు చెడెనో కనుగొన్నవాడు హెన్రీ వైట్‌హెడ్ అను యువ పాదిరి. ఆ పేట గడపగడపకు తెలిసినవాడు. స్నో మాట తప్పని నిరూపించుటకే ఆయన బయలుదేరెను. బ్రతికినవారిని గూడ విడువక అడుగగా, పంపునీరు త్రాగినవారిలో సగమునకు మించి రోగమున పడినట్లును, త్రాగనివారిలో పదింట నొకరికంటె తక్కువగా పడినట్లును తేలినది. తన లెక్కయే తన్ను ఓడించినది. ఆ పిమ్మట మరణముల పుస్తకమును త్రిప్పుచుండగా ఒక పంక్తి కంట బడెను. బ్రాడ్ వీధి 40వ నెంబరు ఇంట ఐదు నెలల ఆడశిశువు సెప్టెంబరు 2న మరణించినది. కారణము, నాలుగు దినముల క్రిందటి విరేచనములవలన కలిగిన నీరసము. అందు కలరా యను పేరు లేదు. ఆ యిల్లు సరిగా పంపు ఎదుట నున్నది. తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటిముందరి మురుగుగోతిలో పోసినది. 1855లో త్రవ్వి చూడగా గోతి గోడలు శిథిలములై యుండెను; గోతికిని బావికిని నడుమ మూడడుగులైనను లేదు.

ఆ శిశువు తండ్రి పోలీసు బంటు. పంపు పిడి తీసిన సెప్టెంబరు 8వ తేదీనాడే అతడు కలరాతో మంచము పట్టి, 19న మరణించెను. అతని మలినము ఆ గోతిలోనికే పోయియుండును. పిడి ఆనాడు అచ్చటనే యుండినచో ఏమగునో ఊహింపవచ్చును.

స్నో 1858లో తన మాట నెగ్గకమునుపే చనిపోయెను. 1866లో తూర్పు లండనున కలరా వచ్చినప్పుడు, నాడు గాలియన్న ఫార్ మహాశయుడే లెక్కలు చూచి, ఒక నీటికంపెనీ చెరువును వేలుపెట్టి చూపెను. పట్టుదల విడుచుటకు ఆయనకు పదునాలుగు సంవత్సరములు పట్టినది. అయినను విడిచెను, అది ఆయన గొప్పతనము.

నేడు ఇది తలచుకొనుటకు కారణము గలదు. భారతప్రభుత్వము 2014లో వాయునాణ్యతా సూచికను ప్రకటించినది. ఎనిమిది మాలిన్యములను కొలిచి, సున్న మొదలు 500 వరకు ఒక అంకెగా చేసి, ఆకుపచ్చ మొదలు ముదురు ఎరుపు వరకు ఆరు రంగులలో చూపుదురు. మాలిన్యములలో అన్నిటికంటె చెడ్డది ఏదియో దాని అంకెయే ఆ దినపు అంకె. 2019లో ఆరంభమైన జాతీయ పరిశుద్ధవాయు కార్యక్రమమున హైదరాబాదు, విశాఖపట్నము, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు పట్టణములు చేరినవి. చదువురానివానికి గూడ రంగు తెలియును. ఇది మంచి పని.

కాని రంగు చెప్పునది యంత్రము నిలిచినచోటి గాలి మాట. యంత్రము లేని పేట పటము మీద తెల్లగా నుండును. ఆ తెలుపు బీరు కర్మాగారపు తెలుపు వంటిది కాదు. అచ్చట అడిగి చూచి లేదనిరి. ఇచ్చట అడుగనే లేదు. అంతకంటె పెద్ద లోటు వేరొకటి. స్నో పటమున పంపును, మరణమును ప్రక్కప్రక్కన నున్నవి. నేటి గాలిపటమున రంగు గలదు గాని నల్లగీతలు లేవు. ఎవరు, ఏ యింట, ఏ కారణమున పోయిరో తెలిసిననేగదా గీత వేయుట. 2020లో దేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువపరచినవి నూటికి 22.5 మాత్రమే.

మరణమును 21 దినముల లోపల తెలుపవలెనని 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము చెప్పుచున్నది. ఆ కాగితమున కారణమునకు ఒక గడి గలదు. జ్వరమనియో, వృద్ధాప్యమనియో వ్రాసి ఊరకుండుట వాడుకయైపోయినది. బ్రాడ్ వీధి గుమాస్తా ఆ పసిబిడ్డ పేరునకెదురుగా నాలుగు దినముల విరేచనములని వ్రాయక, నీరసమని మాత్రమే వ్రాసియుండినచో, వైట్‌హెడ్ ఆ పంక్తిని దాటి తరువాతి పుటకు పోయియుండును.